ఆండీ బీల్

డేనియల్ ఆండ్రూ బీల్ (జననం: 1952 నవంబరు 29) అమెరికాకు చెందిన బ్యాంకు యజమాని, స్థిరాస్తి వ్యాపారి, ఔత్సాహిక గణితజ్ఞుడు. ఆండీ బీల్‌గా ప్రసిద్ధుడు. టెక్సస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరంలో బీల్ బ్యాంకును స్థాపించి అమెరికాలోని అత్యంత సంపన్నులలో ఒకడయ్యాడు. సంఖ్యాశాస్త్రంలో ఇంతవరకు నిరూపణ కాని బీల్ ప్రతిపాదన ఈయన పేరు మీదనే ఉంది. 2001, 2006 సంవత్సరాల మధ్య లాస్ వేగాస్‌లో ప్రపంచస్థాయి పోకర్ వృత్తి క్రీడాకారులతో ఒంటరిగా తలపడి, అంతకుముందు ఎవరూ ఆడని భారీ పందేలతో ఆడినందువల్ల పేకాట చరిత్రలోనూ ఈయనకు స్థానం దక్కింది. ఈయనను ఎదుర్కోవడానికి వృత్తి క్రీడాకారులు తమ సొమ్మును ఒకచోట చేర్చి కూటమిగా ఏర్పడవలసి వచ్చింది. ఆ కూటమికి "కార్పొరేషన్" అనే పేరు వచ్చింది.

బాల్యం, తొలి వ్యాపారాలు

బీల్ మిషిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో జన్మించాడు. తండ్రి మెకానికల్ ఇంజనీరు, తల్లి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. చిన్ననాటి నుండే బీల్‌కు వ్యాపారం మీద ఆసక్తి ఉండేది. పాడైన టెలివిజన్లను కొని, బంధువు సహాయంతో బాగుచేసి అమ్మేవాడు. పంతొమ్మిదేళ్ల వయసులో లాన్సింగ్‌లో 6,500 డాలర్లకు ఒక ఇల్లు కొని అద్దెకిచ్చాడు. కళాశాలలో చేరినా వ్యాపారం మీదనే దృష్టి ఉండటంతో పట్టా పూర్తిచేయలేదు.

1976లో వాషింగ్టన్‌లో ప్రభుత్వ ఆస్తుల వేలం జరిగింది. అందులో బీల్ టెక్సస్‌లోని వేకో పట్టణంలో ఉన్న ఒక నివాస సముదాయాన్ని 2,17,500 డాలర్లకు పాడుకున్నాడు. దానిని మరమ్మతు చేయించి మూడేళ్ల తరువాత పది లక్షల డాలర్లకు పైగా ధరకు అమ్మాడు. ఇతరులు వద్దనుకున్న ఆస్తిని చవకగా కొని, దాని అసలు విలువ బయటపడేవరకు ఓపిక పట్టడం ఆనాటి నుండి ఈయన వ్యాపార పద్ధతి అయింది.

బీల్ బ్యాంకు

1988లో బీల్ సుమారు 30 లక్షల డాలర్ల మూలధనంతో డల్లాస్‌లో బీల్ బ్యాంకును ప్రారంభించాడు. ఆ కాలంలో అమెరికాలో పొదుపు, రుణ సంస్థలు వందల సంఖ్యలో దివాలా తీస్తున్నాయి. వాటి రుణపత్రాలను ప్రభుత్వం తక్కువ ధరకు అమ్మివేస్తుండగా బీల్ వాటిని కొనుగోలు చేశాడు. 2001లో కాలిఫోర్నియా విద్యుత్ సంక్షోభం వచ్చినపుడు విద్యుత్ సంస్థల బాండ్లనూ, అదే సంవత్సరం సెప్టెంబరు 11 దాడుల తరువాత విమానాలను హామీగా ఉంచిన బాండ్లనూ ఇదే విధంగా కొన్నాడు.

2004 నుండి 2007 వరకు అమెరికాలో ఇతర బ్యాంకులు గృహరుణాలను విరివిగా మంజూరు చేస్తుండగా, బీల్ బ్యాంకు దాదాపుగా కొత్త రుణాలు ఇవ్వడం మానివేసింది. ఆ రుణాలకు తీసుకుంటున్న ధర వాటిలోని నష్టభయానికి తగినట్లుగా లేదని బీల్ భావించాడు. 2008లో ఆర్థిక సంక్షోభం వచ్చి ఇతరులు ఆస్తులను అయినకాడికి అమ్ముకొనవలసి వచ్చినపుడు ఈ బ్యాంకు చేతిలో నగదు సిద్ధంగా ఉంది. కొద్దికాలంలోనే బ్యాంకు ఆస్తులు సుమారు మూడు రెట్లు పెరిగి 700 కోట్ల డాలర్లకు చేరాయి. 2016లో అమెరికా అధ్యక్ష ఎన్నికల సందర్భంగా డొనాల్డ్ ట్రంప్ ప్రకటించిన ఆర్థిక సలహాదారుల బృందంలో బీల్ సభ్యుడు.

రాకెట్ల తయారీ

1997లో బీల్ తన సొంత డబ్బుతో బీల్ ఏరోస్పేస్ అనే సంస్థను స్థాపించాడు. ఉపగ్రహాలను కక్ష్యలో ప్రవేశపెట్టే భారీ రాకెట్‌ను ప్రభుత్వ నిధులు లేకుండా తయారుచేయడం దీని ఉద్దేశం. హైడ్రోజన్ పెరాక్సైడ్, కిరోసిన్‌లను ఇంధనంగా వాడే ఇంజను ఒకదానిని 2000 మార్చిలో టెక్సస్‌లోని మెక్‌గ్రెగర్ వద్ద పరీక్షించారు. చంద్రయానాలకు వాడిన సాటర్న్ రాకెట్ ఇంజన్ల తరువాత అమెరికాలో నిర్మించిన ద్రవ ఇంధన ఇంజన్లలో ఇదే అతిపెద్దదని పేరు వచ్చింది. అయితే ప్రభుత్వ సహాయం పొందే పోటీదారులతో ప్రైవేటు సంస్థ నెగ్గలేదని చెప్పి 2000 అక్టోబరులో బీల్ ఈ సంస్థను మూసివేశాడు. మెక్‌గ్రెగర్‌లోని ఆ పరీక్షా కేంద్రాన్ని తరువాత స్పేస్‌ఎక్స్ సంస్థ తీసుకున్నది. రాకెట్ల పని ఆగిపోయిన కొద్ది నెలలకే బీల్ లాస్ వేగాస్ పేకాట బల్లల వద్ద కనిపించాడు.

బీల్ ప్రతిపాదన

ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని పరిశీలిస్తూ 1993లో బీల్ ఒక సాధారణీకరణను ఊహించాడు. రెండు ధన పూర్ణాంకాల ఘాతాలను కూడగా మూడవ పూర్ణాంకపు ఘాతం వచ్చిందనుకుందాం. మూడు ఘాతాంకాలూ 2 కంటే పెద్దవైతే, ఆ మూడు ఆధార సంఖ్యలకూ ఒక సామాన్య ప్రధాన కారణాంకం ఉండి తీరాలి. ఇదే బీల్ ప్రతిపాదన.

ఉదాహరణకు:
* 3³ + 6³ = 3⁵ (27 + 216 = 243). ఇక్కడ ఆధార సంఖ్యలన్నీ 3తో భాగింపబడతాయి.
* 7³ + 7⁴ = 14³ (343 + 2401 = 2744). ఇక్కడ సామాన్య కారణాంకం 7.

ఘాతాంకాలలో ఏ ఒక్కటి 2 అయినా ఈ నియమం వర్తించదు. 2⁵ + 7² = 3⁴ (32 + 49 = 81), 7³ + 13² = 2⁹ (343 + 169 = 512) అనే సమీకరణాలలో ఆధార సంఖ్యలకు సామాన్య కారణాంకమేదీ లేదు.

ఈ ప్రతిపాదన నిజమైతే ఫెర్మా చివరి సిద్ధాంతం దానినుండి సులువుగా వస్తుంది. మూడు ఘాతాంకాలూ సమానమైన పరిష్కారం ఒకటి ఉందనుకుంటే, దాని నుండి సామాన్య కారణాంకాలను ఒక్కొక్కటిగా తీసివేస్తూ పోవచ్చు. చివరకు సామాన్య కారణాంకం లేని పరిష్కారం మిగులుతుంది. అది ప్రతిపాదనకు విరుద్ధం గనుక అటువంటి పరిష్కారమే ఉండదు. ఘాతాంకాలను స్థిరంగా ఉంచినపుడు సామాన్య కారణాంకం లేని పరిష్కారాలు పరిమిత సంఖ్యలోనే ఉండగలవని హెన్రి డార్మోన్, ఆండ్రూ గ్రాన్విల్ 1995లో నిరూపించారు. ఇదే ప్రశ్నను ఇతర గణితజ్ఞులు కూడా స్వతంత్రంగా పరిశీలించారు. అందువల్ల దీనిని టైడెమన్-జాగియర్ ప్రతిపాదన అని కూడా అంటారు.

1997లో బీల్ ఈ ప్రతిపాదనను నిరూపించినవారికి గాని, తప్పని చూపే ఉదాహరణ ఇచ్చినవారికి గాని 5,000 డాలర్ల బహుమతి ప్రకటించాడు. తరువాత దానిని పెంచుతూ వచ్చి 2013లో పది లక్షల డాలర్లు చేశాడు. ఈ సొమ్ము అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ అధీనంలో ఉంది. ఈ బహుమతిని ఇంతవరకు ఎవరూ గెలుచుకోలేదు.

పోకర్ ఆట స్వరూపం

బీల్ ఆడిన ఆటను అర్థం చేసుకోవడానికి దాని నియమాలు కొంత తెలియాలి. పోకర్ అనేది ముక్కల విలువతో పాటు పందెం కాసే తీరు మీద కూడా ఆధారపడిన పేకాట. భారతదేశంలో ఆడే మూడు ముక్కలాట కూడా ఇదే కోవకు చెందుతుంది. తన వద్ద మంచి ముక్కలు లేకపోయినా ఉన్నట్లు బుకాయించి ఎదుటివాడు ఆట వదులుకునేలా చేయడం రెండింటిలోనూ ఉంది.

టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ పద్ధతిలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. ఆ తరువాత బల్ల మీద ముందు మూడు, తరువాత ఒకటి, చివరకు మరొకటి చొప్పున అయిదు ముక్కలు అందరికీ కనబడేటట్లు పరుస్తారు. తన రెండింటినీ బల్ల మీది అయిదింటినీ కలిపి అత్యుత్తమమైన అయిదు ముక్కల జట్టు కూర్చగలిగినవాడు గెలుస్తాడు. ఈ క్రమంలో నాలుగుసార్లు పందెం కాసే అవకాశం వస్తుంది.

పందెపు మొత్తాన్ని బట్టి ఈ ఆటలో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. అపరిమిత పందెపు ఆటలో తన ముందున్న సొమ్మునంతా ఎప్పుడైనా ఒడ్డవచ్చు. పరిమిత పందెపు ఆటలో ప్రతి పందెమూ ముందుగా నిర్ణయించిన మొత్తంలోనే ఉండాలి. బీల్ ఆడినది ఈ రెండవ రకం. ఉదాహరణకు 1,00,000–2,00,000 డాలర్ల ఆట అంటే మొదటి రెండు విడతలలో పందెం లక్ష డాలర్లు, చివరి రెండు విడతలలో రెండు లక్షల డాలర్లు. ఒక్కో విడతలో ఒక పందెమూ మూడు పెంపులూ జరిగాయనుకుంటే, ఒక్క పంపకంలోనే ఒక్కొక్కరు 24 లక్షల డాలర్లు పెట్టవలసివస్తుంది. ఒక పంపకం పూర్తికావడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు.

లాస్ వేగాస్‌లో ప్రవేశం

2001 తొలినాళ్లలో లాస్ వేగాస్ వచ్చిన బీల్, బెలాజియో హోటలులోని పోకర్ గదిలో అక్కడి వృత్తి క్రీడాకారులతో ఆడాడు. తొలి ప్రయత్నంలో లాభంతోనే తిరిగి వెళ్లాడు. కొద్దికాలానికి మళ్లీ వచ్చి రెండు కోరికలు వారి ముందుంచాడు. ఒకటి, బల్ల చుట్టూ పలువురు కాకుండా తనతో ఒక్కరే ఆడాలి. రెండు, పందెం వారికి అలవాటైనదానికంటే ఎంతో ఎక్కువగా ఉండాలి.

ఆ కాలంలో బెలాజియోలోని అతిపెద్ద ఆటలో కూడా పందెం కొన్ని వేల డాలర్లు మాత్రమే. బీల్‌తో ఆట 10,000–20,000 డాలర్ల స్థాయికి చేరి, తరువాతి సంవత్సరాలలో 1,00,000–2,00,000 డాలర్ల వరకు పెరిగింది. ఇంతటి పందెం భరించగల సొంత ఆస్తి ఆనాటి వృత్తి క్రీడాకారులలో ఎవరికీ లేదు.

కార్పొరేషన్

ఈ పరిస్థితిలో వృత్తి క్రీడాకారులు తలా కొంత సొమ్ము వేసి ఉమ్మడి నిధిని ఏర్పరచారు. వారిలో ఒక్కొక్కరు వంతులవారీగా బీల్‌తో ఆడేవారు. లాభనష్టాలు అందరూ వాటాల ప్రకారం పంచుకునేవారు. ఈ కూటమినే కార్పొరేషన్ అన్నారు. ప్రపంచ పోకర్ పోటీలలో రెండుసార్లు విజేత అయిన డాయిల్ బ్రన్సన్ దీని నిర్వహణలో ముఖ్యుడు. చిప్ రీస్, డాయిల్ కుమారుడు టాడ్ బ్రన్సన్, జెన్నిఫర్ హార్మన్, టెడ్ ఫారెస్ట్, హోవార్డ్ లెడరర్, బ్యారీ గ్రీన్‌స్టీన్, ఫిల్ ఐవీ తదితరులు వివిధ సమయాల్లో ఇందులో పాల్గొన్నారు.

వీరు సాధారణంగా ఒకరి సొమ్మును ఒకరు గెలుచుకుంటూ బతికేవారు. బీల్ రాకతో పరస్పర ప్రత్యర్థులంతా ఒకే పక్షం కావలసి వచ్చింది. ఎవరు ఎప్పుడు ఆడాలి, ఎవరి వాటా ఎంత, ఓడుతున్నవారిని మార్చాలా వద్దా అనే విషయాలు కూటమిలో చర్చకు వచ్చేవి. తాను అలసిపోయిన సమయంలో కొత్తవారిని దింపడం సమంజసం కాదన్నది బీల్ వాదన. అందువల్ల ప్రత్యర్థులెవరు, పందెమెంత, ఎంతసేపు ఆడాలి అన్నవాటిపై ప్రతిసారీ ఇరుపక్షాల మధ్య బేరసారాలు సాగేవి.

పందెం పెంచడంలోని తర్కం

నైపుణ్యంలో వృత్తి క్రీడాకారులే తనకంటే మెరుగని బీల్‌కు తెలుసు. అయినా పందెం పెంచమని పట్టుబట్టడానికి కారణం గణితంలో ఉంది.

పోకర్‌లో నేర్పరికి ఒక్కో పంపకంలో ఉండే ఆధిక్యం చాలా స్వల్పం. వేలకొద్దీ పంపకాలు ఆడితే గాని అది లాభంగా కనిపించదు. కొద్దిసేపటి ఆటలో అదృష్టమే ఎక్కువగా పనిచేస్తుంది. కాబట్టి నేర్పరి తన నైపుణ్యం ఫలించేవరకు నిలబడాలంటే, మధ్యలో వచ్చే ఓటములను తట్టుకొనే మూలధనం ఉండాలి. పరిమిత పందెపు ఆటకు కనీసం 300 పెద్ద పందేలకు సరిపడే సొమ్ము చేతిలో ఉండాలని పోకర్ గ్రంథాలలో ఒక సూత్రం ఉంది.

ఒక కూటమి వద్ద కోటి డాలర్లు ఉన్నాయనుకుందాం. 4,000–8,000 డాలర్ల ఆటలో అది 1,250 పెద్ద పందేలకు సమానం. అంటే భయం లేదు. అదే సొమ్ము 1,00,000–2,00,000 డాలర్ల ఆటలో 50 పెద్ద పందేలకు మాత్రమే వస్తుంది. పై సూత్రం ప్రకారం ఆ స్థాయిలో ఆరు కోట్ల డాలర్లు అవసరం.

సంభావ్యతా శాస్త్రంలో దీనిని జూదరి దివాలా సమస్య అంటారు. సమాన నైపుణ్యం గల ఇద్దరు ఎవరో ఒకరి సొమ్ము పూర్తిగా అయిపోయేవరకు ఆడితే, ఎక్కువ సొమ్ము గలవాడే నిలిచే అవకాశం ఎక్కువ. ఒకరి వద్ద కోటి, మరొకరి వద్ద నాలుగు కోట్లు ఉంటే, మొదటివాడు దివాలా తీసే సంభావ్యత అయిదింట నాలుగు వంతులు. తక్కువ సొమ్ము గలవాడికి నైపుణ్యంలో ఆధిక్యం ఉంటే ఈ సంభావ్యత తగ్గుతుంది. కాని పందెం ఎంత పెద్దదైతే ఆ ఆధిక్యం అంత తక్కువగా అక్కరకు వస్తుంది.

దీనికి మానసికమైన కోణం కూడా ఉంది. సొంత ఇల్లు, పిల్లల చదువులు, జీవితకాలపు సంపాదన పందెంలో ఉన్నపుడు ఎంతటి అనుభవజ్ఞుడైనా తన సహజమైన ఆట ఆడటం కష్టం. బుకాయించవలసిన చోట వెనుకడుగు వేయవచ్చు. సొమ్ము వల్ల ఎదుటివారి నిర్ణయాలు దెబ్బతినే స్థాయి ఎక్కడ ఉందో అక్కడ ఆడాలన్నది బీల్ వ్యూహం. బ్యాంకు వ్యాపారంలో సంక్షోభ సమయాన ఇతరులు అమ్ముకొనవలసి వచ్చినపుడు తాను కొనడానికీ, ఈ వ్యూహానికీ పోలిక స్పష్టంగానే కనిపిస్తుంది.

బీల్ సన్నద్ధత

బీల్ కేవలం డబ్బు మీదనే ఆధారపడలేదు. కంప్యూటరు సహాయంతో లక్షలాది పంపకాలను అనుకరించి, ఏ రెండు ముక్కలకు ఎంత గెలుపు అవకాశం ఉందో లెక్కలు కట్టాడు. 52 ముక్కల నుండి రెండింటిని 1,326 విధాలుగా ఎంచుకోవచ్చు. రంగుల భేదం ప్రాధాన్యం లేనిచోట కలిపివేస్తే ఇవి 169 రకాలవుతాయి. పలువురు ఆడే ఆటలో పారవేయదగిన ముక్కలు సైతం ఇద్దరే ఆడేటపుడు పందెం కాయడానికి పనికివస్తాయి. కాబట్టి ఇద్దరి ఆటకు లెక్కలు పూర్తిగా వేరు.

ముఖకవళికలను బట్టి ముక్కలను ఊహించడంలో వృత్తి క్రీడాకారులు నిపుణులు. వారికి ఆధారం దొరకకుండా బీల్ నల్ల కళ్లద్దాలు, చెవులకు హెడ్‌ఫోన్లు ధరించి ఆడేవాడు. నిర్ణయానికి పట్టే సమయం కూడా ఒక సూచనే. తేలికైన నిర్ణయం త్వరగా, కష్టమైనది ఆలస్యంగా వస్తుంది. దీనిని దాచడానికి నిర్ణీత వ్యవధికొకసారి కంపించే చిన్న పరికరాన్ని ధరించి, అది కంపించినపుడే పందెం కాయడం వంటి ప్రయోగాలు కూడా చేశాడు.

2004 ఆటలు

2004 మే నెలలో బెలాజియోలో జరిగిన ఆటలలో పందెం 1,00,000–2,00,000 డాలర్లకు చేరింది. మే 13న బీల్ ఒక్కరోజులోనే 1.17 కోట్ల డాలర్లు గెలిచాడు. అప్పటికి పోకర్ చరిత్రలో ఒక రోజున ఒకరు గెలిచిన మొత్తాలలో ఇదే అతిపెద్దదిగా చెప్పబడింది. కార్పొరేషన్ నిధి దాదాపు కరిగిపోయే స్థితి ఏర్పడింది. అయితే మిగిలిన సొమ్ముతో ఆట కొనసాగించిన వృత్తి క్రీడాకారులు కొద్ది సమయంలోనే ఆ నష్టాన్ని పూడ్చుకొని, అదనంగా కూడా గెలుచుకున్నారు.

ఆ సంవత్సరమే ఈ ఆటల ఫలితాల గురించి ప్రచారంలోకి వచ్చిన కథనాలపై బీల్ అసంతృప్తి చెంది బహిరంగ లేఖ రాశాడు. డల్లాస్‌కు వచ్చి భారీ మొత్తంతో తనతో ఆడమని సవాలు చేశాడు. డాయిల్ బ్రన్సన్ కూడా బహిరంగంగానే బదులిచ్చాడు. షరతుల విషయంలో అంగీకారం కుదరక డల్లాస్ ఆట జరగలేదు.

2006 ఆటలు

2006 ఫిబ్రవరిలో ఇరుపక్షాలూ లాస్ వేగాస్‌లోని విన్ హోటలులో మళ్లీ తలపడ్డాయి. ఈ సారి ఆట మూడు దశలుగా సాగింది.

* ఫిబ్రవరి మొదటి వారం: పందెం 50,000–1,00,000 డాలర్లు. బీల్ సుమారు 33 లక్షల డాలర్లు ఓడిపోయాడు.
* ఫిబ్రవరి 12 నుండి: బీల్ తిరిగి వచ్చి సుమారు 1.36 కోట్ల డాలర్లు గెలిచాడు. కార్పొరేషన్ నిధి మరోసారి ప్రమాదంలో పడింది.
* ఫిబ్రవరి 21–23: కార్పొరేషన్ తరఫున ఫిల్ ఐవీ రంగంలోకి దిగాడు. మూడు రోజులలో బీల్ నుండి సుమారు 1.66 కోట్ల డాలర్లు గెలిచాడు.

మూడు దశలూ కలిపి చూస్తే ఆ నెలలో బీల్ నికర నష్టం 63 లక్షల డాలర్లు. ఐవీతో ఆట ముగిసిన తరువాత తాను ఇక పోకర్ ఆడబోనని బీల్ ప్రకటించాడు. అప్పటికి ముప్పైయవ పడికి చేరని ఐవీ కీర్తి ఈ ఆటతో మరింత పెరిగింది.

అయితే బీల్ విరామం శాశ్వతం కాలేదు. 2015 ఫిబ్రవరిలో లాస్ వేగాస్‌లో టాడ్ బ్రన్సన్‌తో ఆడి సుమారు 50 లక్షల డాలర్లు కోల్పోయాడు.

కంప్యూటర్ల రంగప్రవేశం

ఇద్దరు ఆడే పరిమిత పందెపు హోల్డెమ్ ఆటకు గణితపరమైన సమాధానం 2015 జనవరిలో వెలువడింది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ బౌలింగ్, అతని సహచరులు సీఫియస్ అనే ప్రోగ్రామును రూపొందించి, ఆ పరిశోధనను సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఈ ఆటలో 3.16×10¹⁷ స్థితులు ఏర్పడగలవు. సుమారు 4,800 ప్రాసెసర్లు రెండు నెలలకు పైగా తనతో తానే ఆడుకుంటూ, చేసిన తప్పులను సవరించుకుంటూ పోగా ఒక వ్యూహం సిద్ధించింది. ఒక మనిషి జీవితకాలమంతా ఆడినా దానిని ఓడించానని నమ్మకంగా చెప్పలేనంత పటిష్ఠమైనది ఆ వ్యూహం. ముక్కలు పంచే స్థానంలో ఉన్నవాడికి ఈ ఆటలో స్వల్పమైన అనుకూలత ఉంటుందని కూడా దీనివల్ల తేలింది. బీల్ తన లెక్కలతో అన్వేషించినది ఇటువంటి వ్యూహాన్నే.

టోర్నమెంట్లతో భేదం

బీల్ ఆడినవి నగదు ఆటలు. వీటిలో ఎంతైనా పోగొట్టుకోవచ్చు, ఎప్పుడైనా లేచిపోవచ్చు. టోర్నమెంట్లలో ప్రవేశ రుసుము మాత్రమే నష్టం. నాణేలన్నీ ఒకరి వద్దకు చేరేవరకు పోటీ సాగుతుంది. సంపన్న వ్యాపారవేత్తలు ఈ రెండవ పద్ధతిలో కూడా పాల్గొంటుంటారు.

కెనడాకు చెందిన సర్క్ దు సొలే సంస్థ వ్యవస్థాపకుడు గీ లాలిబెర్టే 2012లో లాస్ వేగాస్‌లో పది లక్షల డాలర్ల ప్రవేశ రుసుముతో ఒక టోర్నమెంటు జరిగేటట్లు చేశాడు. రుసుములో 11.11 శాతం నీటి వనరుల కోసం పనిచేసే వన్ డ్రాప్ సంస్థకు చెందింది. 48 మంది పాల్గొన్న ఈ పోటీలో ఆంటోనియో ఎస్ఫాందియారి 1,83,46,673 డాలర్లు గెలుచుకున్నాడు. మదుపు నిధి నిర్వాహకుడు డేవిడ్ ఐన్‌హార్న్ మూడవ స్థానంలో నిలిచి, తాను గెలిచిన 43,52,000 డాలర్లను విద్యారంగంలో పనిచేసే సిటీ ఇయర్ సంస్థకు విరాళమిచ్చాడు. లాలిబెర్టే అయిదవ స్థానం పొందాడు.

పుస్తకం

ఈ ఆటల చరిత్రను న్యాయవాది, రచయిత మైకేల్ క్రెయిగ్ 2005లో "ది ప్రొఫెసర్, ది బ్యాంకర్, అండ్ ది సూసైడ్ కింగ్" అనే పుస్తకంగా వెలువరించాడు. పేరులోని ప్రొఫెసర్ హోవార్డ్ లెడరర్, బ్యాంకర్ బీల్, సూసైడ్ కింగ్ టెడ్ ఫారెస్ట్. పేకలో ఆటీను రాజు తన తలలోకి తానే కత్తి గుచ్చుకుంటున్నట్లు కనిపించడం వల్ల ఆంగ్లంలో ఆ ముక్కకు సూసైడ్ కింగ్ అనే పేరు వచ్చింది.

ప్రాధాన్యం

డబ్బు నైపుణ్యాన్ని ఓడించగలదా అన్న ప్రశ్నకు బీల్ ఆటలు ఒక ఉదాహరణగా నిలిచాయి. పందెం పెంచడం ద్వారా ఈయన వృత్తి క్రీడాకారులను రెండుసార్లు దివాలా అంచుకు తీసుకువెళ్లగలిగాడు. కాని ఆ అంచు దాటించలేకపోయాడు. 2004లోనూ 2006లోనూ గెలిచిన తరువాత ఆట ఆపకుండా కొనసాగించడంతో, పంపకాల సంఖ్య పెరిగి నైపుణ్యానికి పైచేయి సాధించే అవకాశం దొరికింది. నష్టభయానికి తగిన ధర రానపుడు వ్యాపారానికి దూరంగా ఉండాలన్న సూత్రాన్ని బ్యాంకులో కచ్చితంగా పాటించిన వ్యక్తి, పేకాట బల్ల వద్ద మాత్రం దానిని పాటించలేదు. మరొకవైపు, ఉమ్మడి నిధి లేకుండా ఏ ఒక్క క్రీడాకారుడూ ఈయనను ఎదుర్కొనలేకపోయేవాడన్నది కూడా వాస్తవం. కార్పొరేషన్ ముఖ్యులలో చిప్ రీస్ 2007లోనూ, డాయిల్ బ్రన్సన్ 2023లోనూ మరణించారు.

ఇవి కూడా చూడండి

* ఫెర్మా చివరి సిద్ధాంతం
* సంభావ్యత
* పేకాట
* మూడు ముక్కలాట
* లాస్ వేగాస్